లెక్కలోకి రాని ముఖాలు

ఆమె కళ్ళు తయారుచేసేది. కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో, మందుల గది పక్కనున్న చిన్న గదిలో పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ప్రమాదంలోనో, జబ్బు చేసో కన్ను పోగొట్టుకున్నవాళ్ళు అక్కడికి వస్తారు. ముందు కంటి గుంట అచ్చు తీస్తారు. ఆ అచ్చును బట్టి తెల్లటి ప్లాస్టిక్ పెంకు ఒకటి తయారవుతుంది. దానిమీద నల్లగుడ్డుకు రంగులు వేయడం, తెల్లగుడ్డు మీద సన్నటి ఎర్రదారపు పోగులు పరిచి నరాల్లా అతికించడం ఆమె వంతు. వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటే, అతని మిగిలిన కన్నును చూస్తూ, నాలుగు వెంట్రుకల కుంచెతో గోరంత జాగాలో రెండోదాన్ని దించేది. పని పూర్తయ్యాక ఏది దేవుడిచ్చిందో ఏది ఈమె ఇచ్చిందో కన్నతల్లి కూడా పోల్చుకోలేదని డాక్టర్లు అనేవారు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె కళ్ళమ్మే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

ఆమెకు నలభై రెండో ఏట పెద్దనర్సు ఉద్యోగ విరమణ చేసింది. ఆవిడకేదైనా గుర్తుగా ఇవ్వాలని అందరూ అనుకున్నారు. "కళ్ళమ్మ ఉండగా మనకు బయట వెతుక్కోవడమెందుకు? ఆవిడ బొమ్మ వేసిస్తుంది" అని ఎవరో అన్నారు. కన్ను వేసే చేతికి ముఖమెంత అని ఆమె కూడా అనుకుంది. వారం రోజులు కూర్చుని వేసింది. సభ రోజున బొమ్మమీది గుడ్డ తీశారు. పెద్దనర్సు దగ్గరకు వచ్చి తలవంచి చూసింది.

"కళ్ళు నావే, సందేహం లేదు" అంది. "కాకపోతే ఎవరో తీసుకెళ్ళి గుమ్మడికాయకు పెట్టారు."

హాలంతా గొల్లుమంది. కళ్ళమ్మ కూడా నవ్వింది. పెద్దనర్సు ఆమెను దగ్గరకు తీసుకుని, బొమ్మను భద్రంగా ఇంటికి పట్టుకెళ్ళింది. అక్కడితో అయిపోవలసిన మాట. కానీ సాయంత్రం బస్సులో కూర్చున్నాక కళ్ళమ్మకు నవ్వు రాలేదు. ఆ వారంలోనే బొమ్మల తరగతిలో చేరింది.

తరగతి శనివారం సాయంత్రాలు గ్రంథాలయం వెనక హాల్లో జరిగేది. చెప్పేది బడిలో పనిచేసి మానుకున్న ఒక డ్రాయింగు మాస్టారు. ఎనిమిదిమంది నేర్చుకునేవారు. మాస్టారు ఎవరినైనా పొగడగా విన్నవాళ్ళు లేరు. ఆయన "ఊఁ" అంటే బాగుందని, "ఊహూఁ" అంటే బాగాలేదని, ఏమీ అనకుండా కళ్ళజోడు తీసి తుడుచుకుంటే చింపి పారెయ్యమని అర్థం. కళ్ళమ్మ చేరిన మొదటి రెండు నెలలూ ఆయన కళ్ళజోడు తళతళలాడుతూనే ఉంది.

ఆమె పక్కన కూర్చునేది తాళాలు బాగుచేసే పెద్దమనిషి. అరవైకి దగ్గరపడ్డాడు. ఆయన గుర్రాలు తప్ప ఇంకేమీ గీసేవాడు కాదు. మెడలు, జూలు, తోక అన్నీ అందంగా వచ్చేవి గానీ కాళ్ళు కుదిరేవి కావు. అందుకని ప్రతి గుర్రాన్నీ పొట్ట దాకా గడ్డిలో నిలబెట్టేవాడు.

"మీ గుర్రాలెప్పుడూ మేతలోనే ఉంటాయేమండీ? ఎప్పుడైనా నడుస్తాయా?" అని మాస్టారు అడిగేవారు.

"ఆకలిమీదున్నాయి మాస్టారూ" అనేవాడు ఆయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఒక శనివారం మాస్టారు అందరికీ తలొక గీతల కాగితం, తలొక కవరు పంచారు. "ఇవాళ బొమ్మలొద్దు. మీకు మీరే ఒక ఉత్తరం రాసుకోండి. ఏడాది తర్వాతి మీకు. ఇప్పుడు మీ చెయ్యి ఎలా ఉంది, అప్పటికి ఎలా ఉండాలి, అంతే. కవరు మీద ఎవరి అడ్రసు వాళ్ళు రాయండి. నేను దాచిపెట్టి, ఏడాదికి పోస్టులో వేస్తాను. చదువుతానని భయపడకండి. మీ బొమ్మలు చూడడానికే నాకు ఓపిక చాలడం లేదు" అన్నారు.

తాళాలాయన కాసేపు కప్పు వైపు చూసి, నాలుగు ముక్కలు రాసి కాగితం మడిచేశాడు. కళ్ళమ్మ అడ్రసు ముందే రాసేసి, కాగితానికి రెండు వైపులా నింపింది. రాస్తున్నంతసేపూ గుమ్మడికాయ మాటే చెవిలో మోగుతోంది.

"నీకు సిగ్గుండాలి. పద్దెనిమిదేళ్ళు కుంచె పట్టుకుని, ముక్కు గీయడం రాదా? ఈ ఏడాదిలో వంద ముఖాలు గీయాలి. వందంటే వంద, తొంభైతొమ్మిది కాదు. అందులో ఒక్కటైనా గోడకు తగిలించేటట్టు ఉండాలి. సాకులు చెప్పకు. పని ఎక్కువైందంటావు, అత్తయ్యకు ఒంట్లో బాగాలేదంటావు, కళ్ళు లాగుతున్నాయంటావు. నీ సంగతి నాకు తెలియనిదా? వంద పూర్తి కాకపోతే ఈ ముచ్చట ఇంతటితో కట్టిపెట్టు. శనివారాలు ఇంట్లోవాళ్ళకైనా పనికొస్తాయి. గోరంత కన్ను వేసుకుని బతికేదానికి కొండంత కాగితమెందుకు?"

ఈ ధోరణిలోనే వెనకవైపు కూడా సాగింది. రాయడం పూర్తయ్యేసరికి టీ వచ్చింది. ఆమె, తాళాలాయన ఇద్దరూ బల్లమీది కాగితాలూ కవర్లూ పక్కకు జరిపి గ్లాసులకు చోటు చేశారు. టీ తాగి, కాగితాలు కవర్లలో పెట్టి, అంటించి మాస్టారికి ఇచ్చేశారు.

ఇంటికి వెళ్ళి కళ్ళమ్మ బట్టల బీరువా తలుపు లోపలివైపు ఒక తెల్లకాగితం అంటించింది. ఒక ముఖం పూర్తయితే ఒక గీత. మొదట భర్తను కూర్చోబెట్టింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను కింద మూడు గంటలు కదలకుండా పడుకోగలడు గానీ, కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేకపోయాడు. ముక్కు దురద అన్నాడు, మెడ పట్టేసిందన్నాడు. తర్వాత అత్తగారు ముందుకొచ్చింది.

"నన్ను గీయవే. నేను కదలను. మా పెళ్ళిలో ఫొటో తీసినవాడే మెచ్చుకున్నాడు."

అన్నట్టే గంటసేపు రాతిబొమ్మలా కూర్చుంది. అయ్యాక కాగితం చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసింది.

"ఇది మా తోడికోడలు కదూ? దానికీ నాకూ పాతికేళ్ళుగా మాటల్లేవు. దాన్ని తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టావేమే?"

జబ్బెక్కడుందో మాస్టారు మొదటి నెలలోనే చెప్పారు. "నువ్వు ముందు కళ్ళు వేస్తున్నావమ్మా. అవి నిండుగా వచ్చేస్తాయి. మిగతా ముఖమంతా వాటికి నౌకరీ చేయాల్సి వస్తుంది. కళ్ళు ఆఖర్న వెయ్యి."

"కళ్ళు లేకపోతే ఆ ముఖం నావైపు చూడదు మాస్టారూ. చూడని మనిషిని ఎలా గీయను?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఆమె మాత్రం మానలేదు. ఆరు నెలలు గడిచేసరికి బీరువా కాగితం మీద ఇరవైరెండు గీతలు పడ్డాయి. ఇరవైరెండు జతల మంచి కళ్ళు, ఇరవైరెండు గుమ్మడికాయలు. ఆసుపత్రిలో పని పెరిగింది. అత్తగారికి నెలన్నర పాటు దగ్గు తగ్గలేదు. కళ్ళమ్మకు చత్వారం కూడా వచ్చి, దగ్గర చూపుకు అద్దాలు పడ్డాయి. ఉత్తరంలో రాసిన సాకులన్నీ నిజంగానే వరసకట్టి వచ్చాయి. కాబట్టి వాటిని నోరెత్తి చెప్పుకోవడానికి కూడా లేకపోయింది.

ఎనిమిదో నెలలో ఒక వడ్రంగి, ఆయన భార్య ఆసుపత్రికి వచ్చారు. చెక్కపేడు ఎగిరి తగిలి ఆయన ఎడమ కన్ను పోయింది. నెల కిందట కళ్ళమ్మే ఆయనకు కన్ను వేసింది. బాగా కుదిరిందని ఆమె అభిప్రాయం.

"పగలు ఏ వంకా లేదు తల్లీ" అంది వడ్రంగి భార్య. "పడుకుంటేనే చిక్కు. ఒక కన్ను మూస్తాడు, రెండోది తెరుచుకునే ఉంటుంది. మధ్యాహ్నం తాతయ్య పక్కన పడుకోనని మనవరాలు ఏడుస్తోంది. నాకు మాత్రం ఏం బాగుంటుంది చెప్పు? ముప్ఫైఅయిదేళ్ళ కాపురంలో నా మీద ఇంత కాపలా ఎప్పుడూ లేదు."

వడ్రంగి సిగ్గుపడి గోడవైపు చూశాడు.

కళ్ళమ్మ ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. నిజమే. ఎడమ రెప్ప పూర్తిగా దిగడం లేదు. లోపల ఆమె వేసిన కన్ను తెల్లగా చీలికలా కనిపిస్తోంది. కన్ను ముందువైపు కాస్త అరగదీయాలి. ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న. పద్దెనిమిదేళ్ళుగా ఆమె తెరిచిన కళ్ళనే చూసింది. మూసిన కన్ను ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఒక గీత గీసి ఊరుకునేదేమో. రెప్ప ఏ ఒంపుతో దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో, కింది రెప్ప దాన్ని ఎలా అందుకుంటుందో తనకు తెలియదని ఆ బల్ల దగ్గర నిలబడ్డప్పుడు ఆమెకు అర్థమైంది. ఆయన కుడి రెప్పను రెండు మూడు విధాలుగా గీసుకుంది. ఒక్క మనిషి చాలడనిపించింది.

నిద్రపోయే మనుషులకు కరువేముంది? ఆమె పొద్దున్న ఎక్కే బస్సు ఆసుపత్రికి చేరడానికి ముప్పావుగంట పడుతుంది. అందులో సగం మంది కునుకు తీస్తూనే ఉంటారు. మందుల కంపెనీవాళ్ళు పంచిపెట్టిన ఖాళీ చేతిపుస్తకం ఒకటి సంచిలో వేసుకుంది. మర్నాటి నుంచి ఎదుటి సీట్లవాళ్ళ రెప్పలు గీయడం మొదలుపెట్టింది.

మొదటి రెండు రోజులూ రెప్పలే. కానీ రెప్ప ఒంటరిగా ఉండదు. పైన కనుబొమ బరువు ఉంటుంది. కనుబొమకు పైన నుదురు. తల కిటికీకి ఆనించి పడుకున్నవాడికి చెంప పైకి తన్నుకొచ్చి కింది రెప్పను నొక్కుతుంది. గడ్డం గుండెమీదకు వాలినవాడికి ముఖమంతా ముందుకు జారుతుంది. రెప్ప సరిగా రావాలంటే చెంప గీయక తప్పలేదు. చెంప రావాలంటే దవడ. రెండో వారానికి ఆమె నిండు ముఖాలు గీస్తోంది. అవి ముఖాలన్న ధ్యాస మాత్రం ఆమెకు లేదు. ఆసుపత్రి పని. బీరువా కాగితం మీద వాటికి ఒక్క గీతా పడలేదు.

వడ్రంగి కన్నును మూడుసార్లు అరగదీసి, మెరుగుపెట్టి ఇచ్చింది. మూడోసారికి రెప్ప దిగింది. పదిహేను రోజుల తర్వాత ఆయన భార్య దారిన పోతూ గదిలోకి తొంగిచూసింది.

"ఇప్పుడు రెండూ మూస్తున్నాడమ్మా. మనవరాలు పక్కనే పడుకుంటోంది. గురక సంగతి డాక్టరుగారిని అడిగాను గానీ, అది మీ విభాగం కాదటగా!"

అక్కడికి ఆ పని ముగిసింది. బస్సులో గీయడం మాత్రం ఆగలేదు. చేతికి అలవాటైపోయింది. ఒక పుస్తకం అయిపోతే ఇంకొకటి తీసింది.

ఏడాది తిరిగింది. బీరువాలో గీతలు ముప్ఫైఏడు. గోడకు తగిలించదగ్గది ఒక్కటీ లేదు. కళ్ళమ్మ మాటంటే మాటే అనే మనిషి. బొమ్మల అట్టను బీరువా వెనక్కు తోసి భర్తతో చెప్పింది.

"ఈ శనివారం నుంచి నేను వెళ్ళను."

"ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమనలేదు. నాకు నేనే అనుకున్నాను."

"బయటివాళ్ళయితే వెళ్ళి అడిగేవాణ్ణి" అన్నాడు ఆయన. "నీతో నువ్వు పోట్లాడుకుంటే నేనెవరి పక్షం రాను?"

బుధవారం కవరు వచ్చింది. పైన తన చేతిరాతే. లోపలేముందో కంఠతా వచ్చు కాబట్టి ఆమె విప్పకుండా అలమరలో పెట్టింది. అత్తగారు ఊరుకోలేదు.

"వచ్చిన ఉత్తరం విప్పకపోవడం మా ఇంటావంటా లేదు. నువ్వు చదువుతావా, నన్ను చదవమంటావా?"

కళ్ళమ్మ విప్పింది. రాత తనది కాదు. గుండ్రంగా, పెద్దపెద్దగా ఉంది.

"నమస్కారం. బాగున్నారా? మోకాలు ఎలా ఉంది? గుర్రం కాళ్ళు వచ్చాయా? రాకపోతే ఏం పరవాలేదు. గడ్డి మాత్రం వేస్తూనే ఉండండి. ఇప్పటికే గడ్డిలో చెయ్యి తిరిగి ఉంటుంది. శనివారాలు మానొద్దు. షాపు ఓ గంట ముందు కట్టెయ్యండి, తాళాలెక్కడికీ పారిపోవు. ముందు కుడికాలు ఒక్కటి కుదిరితే చాలు, మిగతా మూడూ దాని వెనకే వస్తాయి. గుర్రానికి తొందర లేదు, మనకూ లేదు. ఉంటాను. ఇట్లు, మీరే."

"ఎవరే ఇతను?" అంది అత్తగారు, భుజం మీంచి చదువుతూ. "నీకు మోకాలు నొప్పని ఇతనికెవరు చెప్పారు?"

కళ్ళమ్మకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. టీ గ్లాసులకోసం కాగితాలు జరపడం గుర్తొచ్చింది. ఒకే బల్ల, ఒకే రకం కాగితం, ఒకేలా మడిచారు. ఆయనది తన కవరులోకి వచ్చింది. అంటే తనది ఆయన కవరులోకి వెళ్ళింది. అక్కడికొచ్చేసరికి నవ్వు ఠక్కున ఆగిపోయింది.

మర్నాడు పని ముగించుకుని నేరుగా ఆయన షాపుకు వెళ్ళింది. రెండు మెట్ల పైన, బీరువాకంటే కాస్త పెద్దదిగా ఉంది ఆ షాపు. మూడు గోడలకూ తాళంచెవులు వేలాడుతున్నాయి. ఆమెను చూసి ఆయన లేచి నిలబడ్డాడు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, సొరుగులోంచి మడిచిన కాగితం తీశాడు.

"ఇది మీదేననుకుంటాను."

"చదివారా?"

"చదివాను చెల్లెమ్మా. తప్పే." ఆయన స్టూలు ముందుకు జరిపాడు. "మొదటి వాక్యం చూసి ఎవరో నన్నే తిడుతున్నారనుకున్నాను. పోయిన వారం ఒకాయన పెట్టె తాళం పాడుచేశాను. ఆయనే రాశాడేమోనని ముందుకెళ్ళాను. ముక్కు గీయడం రాదా అన్న దగ్గర మీరని అర్థమైంది. అప్పుడు ఆపాల్సింది. ఆపలేదు."

"క్షమించండి అన్నయ్యగారూ. మిమ్మల్ని ఉద్దేశించి రాసింది కాదది."

"నాకు తెలియదా? అయినా ఇది వచ్చిన దగ్గర్నుంచి పెన్సిలు ముట్టలేదంటే నమ్ముతారా! గోరంత కన్ను వేసుకుని బతికేదానికి కొండంత కాగితమెందుకు అన్నారు చూశారూ, అక్కడ గుచ్చుకుంది. తాళాలు బాగుచేసుకుని బతికేవాడికి మాత్రం గుర్రమెందుకు? అదీ నిజమే కదా అనిపించింది."

కళ్ళమ్మ తల దించుకుంది. ఎప్పుడూ నొచ్చుకోని మనిషి. మాస్టారు ఏడాదిగా గుర్రాలను ఎగతాళి చేస్తున్నా నవ్వుతూ కూర్చున్న మనిషి.

"ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి" అన్నాడాయన. "కన్ను పోగొట్టుకుని మీ దగ్గరకొచ్చినవాళ్ళు ఏడుస్తారా?"

"కొందరు ఏడుస్తారు."

"వాళ్ళతో ఇలాగే మాట్లాడతారా?"

"ఛ! అదేం మాటండీ?"

తాళంచెవి చేయించుకోవడానికి ఎవరో వచ్చారు. ఆయన మర మీద చెవి కోస్తుంటే ఇనుప రజను రాలుతోంది. కళ్ళమ్మ స్టూలు మీద కూర్చుని ఆయన ఉత్తరం కోసం సంచి వెతికింది. అది అడుగున ఉంది. పైనున్న చేతిపుస్తకాలు మూడూ తీసి బల్లమీద పెట్టి, ఉత్తరం బయటకు లాగింది. వచ్చినవాడు వెళ్ళిపోయాక ఆయన ఉత్తరం అందుకుని జేబులో పెట్టుకున్నాడు. చూపు మాత్రం పుస్తకం మీద పడింది. విప్పాడు.

"ఎవరు వీళ్ళంతా?"

"బస్సులో జనం. అది ఆసుపత్రి పనండి, రెప్పలకోసం గీసుకున్నవి."

ఆయన ఒక పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు.

"ఈయనెవరో నిద్రలో కూడా ఎవరితోనో దెబ్బలాడుతున్నాడు" అన్నాడు. తర్వాతి పేజీ చూసి, "ఈ పిల్లకు ఇవాళ పరీక్ష" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"నన్నడుగుతారేం? గీసింది మీరు. ఆ నుదురు చూడండి."

కళ్ళమ్మ అద్దాలు పెట్టుకుని చూసింది. ఆ పిల్ల ఆమెకు గుర్తుంది. ఒళ్ళో పుస్తకం తెరిచిపెట్టుకుని నిద్రపోయింది. బొమ్మలో పుస్తకం లేదు. ముఖమే ఉంది. కానీ ఆ నుదుటిమీద పాఠమంతా ఉంది. ఎవరో వేరేవాళ్ళు గీసిన బొమ్మను చూస్తున్నట్టు చూసింది. పేజీ తిప్పింది. మనుషులే. ఒక్క గుమ్మడికాయ లేదు.

"వంద దాటాయా?" అని ఆయన అడిగాడు.

"లెక్కపెట్టలేదు. కళ్ళు మూసుకున్నవి లెక్కలోకి రావండి."

"ఎవరన్నారు? వంద ముఖాలని మాత్రమే రాశారు. కళ్ళు తెరుచుకునుండాలని ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను."

ఆయన వేలు తడి చేసుకుని లెక్క మొదలుపెట్టాడు. మొదటి పుస్తకంలో అరవైనాలుగు. రెండోదాంట్లో సగానికి రాగానే నూరు దాటింది. అక్కడితో ఆపి, మూడు పుస్తకాలూ ఒకదానిమీద ఒకటి సర్ది ఆమె చేతిలో పెట్టాడు.

"శనివారం ఇవి మాస్టారికి చూపించండి. రాకపోతే నేనే మీ ఇంటికొస్తాను. తాళం వేసుకున్నా లాభం లేదు, నా సంగతి తెలుసుగా."

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో తన ఉత్తరం తీసింది. ఆయన అడిగిన ప్రశ్న మనసులో ఉంది. వడ్రంగి ఎదురుగా కూర్చున్నాడనుకుని, ఆయనతో అంటున్నట్టుగా మనసులోనే చదవడం మొదలుపెట్టింది. నాలుగో వాక్యం దాటలేకపోయింది. మడిచి సంచిలో పెట్టుకుంది. చింపలేదు. ఆ రోజు అంత కోపం వచ్చిన మాట నిజం.

శనివారం మాస్టారు మూడు పుస్తకాలూ మొదటినుంచి చివరిదాకా చూశారు. తరగతంతా గీయడం మానేసి ఆయన ముఖంకేసి చూస్తోంది. మొదటి పుస్తకం పదకొండో పేజీ దగ్గర "ఊఁ" అన్నారు. తర్వాత ఇంకో నాలుగుచోట్ల అన్నారు. ఒకే రోజు ఒకే మనిషికి అన్ని ఊఁలు దక్కడం అదే మొదలని తాళాలాయన తర్వాత లెక్క చెప్పాడు.

"చెవులన్నీ ఒకటే చెవి" అన్నారు మాస్టారు పుస్తకం మూసి. "బస్సులో ఉన్నవాళ్ళందరూ ఒక తల్లి బిడ్డలా ఏంటి?"

"చెవులు చూడలేదు మాస్టారూ."

"ఇకనుంచి చూడు. ముఖం అంతా అయ్యాక, చెవులు కూడా అయ్యాక, అప్పుడు కళ్ళు తెరువు. ముందు కాదు."

ఉత్తరాలు తారుమారైన సంగతి విని తరగతి చాలాసేపు నవ్వింది. మాస్టారు మళ్ళీ కాగితాలు పంచారు. ఈసారి బల్లమీదకు టీ రానివ్వలేదు. తాళాలాయన ఈమాటు రెండు వైపులా రాశాడు. ఏం రాశాడో చెప్పలేదు. కళ్ళమ్మ చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. మెత్తటి మాటలు ఆమెకు అలవాటు లేవు. చివరికి, "చెవులు ఎంతవరకు వచ్చాయి? తీరిక ఉన్నప్పుడు చెప్పు" అని రాసి, రెండుసార్లు చూసుకుని తన కవరులోనే పెట్టింది. ఇంటికెళ్ళాక బీరువా తలుపుకున్న లెక్కకాగితం పీకేసింది. దానివెనక అంటుకున్న రంగు కూడా ఊడివచ్చిందని భర్త గొణిగాడు.

రెండు నెలలు ఆమె బస్సులో చెవులు గీసింది. చెవులు నిద్రపోవని, మేలుకుని ఉండవని, మనిషి ఏ స్థితిలో ఉన్నా అవి తమ దారిన తాము ఉంటాయని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

ఒకరోజు పొద్దున్న ఎదుటి సీట్లో ఒకావిడ కూర్చునే నిద్రపోతోంది. ఏదో ఆఫీసులో కాపలా పని కాబోలు, ఖాకీ చొక్కా, ఒడిలో పెద్ద సంచి. తల వెనక్కు వాలి నోరు తెరుచుకుంది. కళ్ళమ్మ గీస్తోంది. బస్సు గతుకులో పడింది. ఆవిడ కళ్ళు విప్పి నేరుగా పెన్సిలువైపు చూసింది.

"నన్నేనా గీస్తున్నారు?"

కళ్ళమ్మ పెన్సిలు దించింది. ఇన్ని నెలల్లో ఎవరికీ పట్టుబడలేదు. "అవునండీ. వద్దంటే చింపేస్తాను" అంది.

"ఏదీ, ఇటివ్వండి." ఆవిడ పుస్తకం లాక్కుని చూసింది. చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఇలాగా నేను పడుకునేది? నోరు తెరుచుకుని?"

"కొంచెం."

"మా ఆయన చెప్తే ఇరవయ్యేళ్ళుగా అబద్ధాలకోరని తిట్టాను. పాపం." ఇంకాసేపు చూసింది. "బాగుంది గానీ, ఇది ఇంట్లో పెట్టుకునే బొమ్మ కాదండీ. ఇదిగో, లేచాను కదా. ఇప్పుడు గీయండి. నేను దిగడానికి ఇంకా నాలుగు స్టాపులున్నాయి."

కళ్ళమ్మ కొత్త పేజీ తీసింది. ఆ ముఖం ఆమెవైపే చూస్తోంది. చెయ్యి అలవాటుగా కళ్ళ దగ్గరకు వెళ్ళబోయింది. దాన్ని వెనక్కు లాగి నుదుటి దగ్గర మొదలుపెట్టింది. మొదటి స్టాపుకు నుదురు, చెంపలు. రెండో స్టాపుకు ముక్కు, దవడ. బస్సెక్కినవాళ్ళలో ఇద్దరు ఆమె వెనక నిలబడి చూస్తున్నారు. మూడో స్టాపుకు చెవులు, చెవులవెనక దూర్చిన జుట్టు, చొక్కా మెడపట్టీ. అప్పుడు కళ్ళు మొదలుపెట్టింది. రంగుల్లేవు, నరాల్లేవు, పై రెప్పకో గీత, కింద ఒక నీడ. కుడి కన్ను అయింది. ఎడమది సగంలో ఉండగా బస్సు ఆగింది.

"అయిందా?" ఆవిడ సంచి ఎత్తుకుని లేచి వంగి చూసింది. వెనక నిలబడ్డవాళ్ళు "అచ్చం మీరేనండీ" అన్నారు.

"నేనే. అమ్మ పోలిక ఇంతుందని నాకే తెలియదు" అంది ఆవిడ. "కానీ ఒక కన్ను సగమే ఉందేంటి?"

"మీ స్టాపు వచ్చేసింది కదండీ."

"అయితే మీ దగ్గరే ఉంచండి. రేపు ఇదే బస్సుకొస్తాను, పూర్తిచేసి ఇద్దురుగాని."

కండక్టరు విసుక్కుంటుండగా ఆవిడ దిగిపోయింది. మర్నాడు ఆ బస్సుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గురువారం వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎదుటి సీట్లో కూర్చుని నోరు గట్టిగా మూసుకుంది.